పోడు పటం మీద కర్సర్ గురి

కంప్యూటరు తెర మీద మౌస్‌తోపాటు కదిలే చిన్న గుర్తును కర్సర్ అంటారు. అది ఒకచోట బాణంగా, అక్షరాలున్నచోట నిలువు గీతగా, లింకు మీద చూపుడు వేలుగా, పని ఆలస్యమైనప్పుడు తిరిగే వలయంగా మారుతుండడం అందరూ రోజూ చూసేదే అయినా, ఆ మార్పు ప్రోగ్రాం రాసినవారు ఎక్కడ ఏ రూపం కనబడాలో ముందుగా నిర్ణయించి రాసినందువల్లనే జరుగుతుందని గమనించేవారు తక్కువ. ఉత్తరం టైపు చేసేవారికి కర్సర్ రూపం తప్పుగా ఉన్నా పెద్ద నష్టం లేదు. ఒకచోట నొక్కబోయి మరోచోట నొక్కితే మళ్లీ నొక్కుకోవచ్చు. అయితే తెర మీద నొక్కిన ప్రతి చుక్కా నేల మీద ఒక హద్దు రాయిగా మారే పని ఒకటుంది. తూర్పు కనుమల గిరిజన ప్రాంతాల్లో, అడవి కొట్టి సాగు చేసే పోడు భూములకూ కాఫీ తోటలకూ పటాలు గీసే ఆ పనిలో కర్సర్ రూపానికి భూమి హద్దుతో నేరుగా సంబంధం ఉంటుంది.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, ముంచింగిపుట్టు వంటి మండలాల గిరిజన కుటుంబాలు తరతరాలుగా కొండవాలుల మీద సాగు చేసుకుంటూ వచ్చిన నేలలో చాలా భాగం ప్రభుత్వ రికార్డుల్లో అటవీ భూమిగానే ఉండేది. ఆ సాగును హక్కుగా గుర్తించడానికి పార్లమెంటు చేసిన అటవీ హక్కుల చట్టం, 2006 ప్రకారం, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమి మీద, నాలుగు హెక్టార్లకు మించకుండా, గిరిజన కుటుంబం హక్కు కోరవచ్చు. దరఖాస్తులను స్వీకరించి పరిశీలన మొదలుపెట్టే అధికారం గ్రామసభది. హక్కు పత్రంలో విస్తీర్ణమూ హద్దులూ ఉండాలి కాబట్టి, ఉపగ్రహ సంకేతాల ఆధారంగా నేల మీది స్థానాన్ని చెప్పే జీపీఎస్ పరికరం పట్టుకుని సాగు నేల చెక్క చుట్టూ నడవడం, మలుపు మలుపునా ఒక బిందువును నమోదు చేయడం, ఆ బిందువులను తర్వాత కంప్యూటరులో కలిపి పటంగా మార్చడం ఈ పనిలో భాగమయ్యాయి.

చదును నేల మీద సులువుగా సాగే ఈ పని కొండల్లో అంత సులువు కాదు. చేతిలో పట్టుకునే మామూలు జీపీఎస్ పరికరం ఆరుబయట కూడా కొన్ని మీటర్ల తేడా చూపుతుంది. లోతైన గెడ్డ (కొండవాగు) పక్కనో, దట్టమైన చెట్ల కిందనో నిలబడితే ఆకాశం తక్కువగా కనబడి, సంకేతాలు కొండరాళ్ల మీదా కొమ్మల మీదా తగిలి తిరిగి చేరడం వల్ల ఆ తేడా ఇంకా పెరుగుతుంది. పోనీ ఉపగ్రహ చిత్రం చూసి హద్దు పోల్చుకుందామంటే, పోడు కొట్టిన చెక్క అడవి మధ్య లేత రంగు మచ్చగా తెలిసిపోతుంది గాని, కాఫీ తోట అలా తెలియదు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకులోయ అరబికా కాఫీ సిల్వర్ ఓక్ వంటి చెట్ల నీడలో పెరిగే పంట. పైనుంచి చూసే కెమెరాకు ఆ చెట్ల తలలే కనబడతాయి, కింద ఎవరి తోట ఎక్కడ ముగిసి ఎవరిది మొదలవుతుందో కనబడదు. ఈ పరిమితుల దృష్ట్యానే కాబోలు, 2012లో సవరించిన అటవీ హక్కుల నియమాలు ఉపగ్రహ చిత్రాలూ ఇతర సాంకేతిక సాధనాలూ మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చునే తప్ప వాటి స్థానాన్ని ఆక్రమించరాదని స్పష్టంగా చెప్పాయి. ఏదేమైనా, పరికరం ఇచ్చిన బిందువులనూ, చిత్రంలో కనబడే గెడ్డలనూ, బాటలనూ, గ్రామస్థులు చెప్పిన గుర్తులనూ పక్కపక్కన పెట్టుకుని చివరి గీత గీసేది కంప్యూటరు ముందు కూర్చున్న మనిషే, ఆ మనిషి చేతిలోని మౌసే.

ఇటువంటి పటాలు గీయడానికి పనికొచ్చే ప్రోగ్రాములలో క్యూజీఐఎస్ ప్రసిద్ధమైనది. గ్యారీ షెర్మన్ 2002లో మొదలుపెట్టగా ఎందరో స్వచ్ఛందంగా పెంచుతూ వచ్చిన ఈ ఉచిత సాఫ్ట్‌వేరులో పటం కనబడే భాగం ఒకటే అయినా దాని మీద చేయగల పనులు అనేకం: పటాన్ని పక్కకు జరపవచ్చు, దగ్గరగా లాగి చూడవచ్చు, కొత్త హద్దు గీయవచ్చు, గీసిన హద్దులోని ఒక మూలను కదపవచ్చు. మౌస్ బటన్ మాత్రం అదే. అది నొక్కితే పటం జరుగుతుందా, కొత్త బిందువు పడుతుందా అనేది ఆ క్షణాన ఏ పనిముట్టు ఎంచుకుని ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎంచుకున్న పనిముట్టు పేరు తెర అంచున ఎక్కడో ఉండగా, పని చేసే మనిషి చూపు పటం నడుమ ఉంటుంది. ఆ చూపు ఉన్నచోటే సమాచారం అందించగలిగింది కర్సర్ ఒక్కటే. అందువల్ల పటం జరిపే పనిముట్టు ఎంచుకుంటే కర్సర్ తెరిచిన అరచేయిగా మారి, బటన్ నొక్కి పట్టుకున్నంతసేపు పిడికిలిగా ముడుచుకుంటుంది. దగ్గరకు లాగే పనిముట్టుకు భూతద్దం, హద్దు గీసే పనిముట్టుకు నడుమ గురి ఉన్న కూడిక గుర్తు వస్తాయి. నొక్కితే ఏమవుతుందో నొక్కకముందే చెప్పడం కర్సర్ పని. ప్రోగ్రాములో ప్రతి పనిముట్టూ తన కర్సర్ బొమ్మను తనతోనే ఉంచుకుని, తన వంతు రాగానే దాన్ని పటానికి తొడిగేలా రాయడంలోని ఔచిత్యం ఇదే: పనీ గుర్తూ ఒకేచోట ఉంటే, ఒకటి మారి రెండోది మారకపోయే పొరపాటుకు తావు తగ్గుతుంది.

కర్సర్ బొమ్మ ఎంత అందంగా ఉన్నా కంప్యూటరు పట్టించుకునేది అందులోని ఒకే ఒక్క చుక్కను. బొమ్మ మొత్తం పదహారు లేదా ముప్పైరెండు పిక్సెళ్ల (తెర మీది అతిచిన్న చుక్కల) చదరమైతే, అందులో ‘నొక్కింది ఇక్కడ’ అని లెక్కకు తీసుకునే పిక్సెల్‌ను హాట్‌స్పాట్ అంటారు. బాణానికి అది మొన దగ్గర, కూడిక గుర్తుకు గీతలు కలిసేచోట ఉండాలి. క్యూజీఐఎస్ పాత వెర్షన్లలో హద్దు గీసే కర్సర్ పదహారు పిక్సెళ్ల చదరం, హాట్‌స్పాట్ సరిగ్గా నడుమ, అంటే అడ్డంగా 8, నిలువుగా 8 అని రాసి ఉండేది. సొంత బొమ్మతో కర్సర్ తయారుచేసేటప్పుడు ఈ రెండు అంకెలు ఎవరు చెప్పాలన్నది ఒక్కో సాధనంలో ఒక్కో తీరు. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్రోగ్రామరు తప్పనిసరిగా చెప్పాలి. చాలామంది ఆలోచించకుండా సున్నా, సున్నా అని రాసేస్తారు, అంటే బొమ్మ పైభాగాన ఎడమ మూల. క్యూజీఐఎస్‌కు ఆధారమైన క్యూటీ అనే సాధనంలో చెప్పకుండా వదిలేస్తే అదే నడుమకు తీసుకుంటుంది. కూడిక గుర్తుకు అది సరిపోతుంది గాని, బాణం బొమ్మ ఇచ్చి వదిలేస్తే మొన ఒకచోట, లెక్క మరోచోట అవుతుంది.

ఈ తేడా ఎంతదో అరకు కొండల కొలతలోకి మార్చి చూడవచ్చు. అంగుళానికి 96 పిక్సెళ్లున్న మామూలు తెర మీద ఒక పిక్సెల్ వెడల్పు సుమారు 0.26 మిల్లీమీటర్లు. పటాన్ని ఒకటికి ఐదు వేల స్కేలులో, అంటే తెర మీది ఒక మిల్లీమీటరు నేల మీది ఐదు మీటర్లకు సమానంగా ఉంచి గీస్తే, ఒక పిక్సెల్ నేల మీద 1.3 మీటర్లవుతుంది. ముప్పైరెండు పిక్సెళ్ల కూడిక గుర్తుకు హాట్‌స్పాట్ నడుమ ఉండవలసింది పొరపాటున ఎడమ పైమూలలో ఉండిపోతే, గీసే మనిషి నడుమ గురిని హద్దు రాయి మీద సరిగ్గా ఉంచి నొక్కినా, నమోదయ్యే బిందువు పదహారు పిక్సెళ్లు పడమరకూ పదహారు పిక్సెళ్లు ఉత్తరానికీ జరుగుతుంది: నేల మీద ఒక్కో దిక్కున 21 మీటర్లు, ఏటవాలుగా కొలిస్తే 30 మీటర్లు. చదరంగా ఉన్న ఒక ఎకరం చెక్కకు ఒక్కో పక్క సుమారు 64 మీటర్లే కాబట్టి, ఒక్కో దిక్కున జరిగే ఈ 21 మీటర్లు పక్క పొడవులో మూడో వంతు. హద్దు బిందువులన్నీ ఒకే కర్సర్‌తో, ఒకే స్కేలులో పెడితే చెక్క మొత్తం ఒకే దిక్కుకు జరుగుతుంది, విస్తీర్ణం మారదు. అందుకే ఈ పొరపాటు కాగితం మీది లెక్కల్లో పట్టుబడదు, పక్క తోటవారి నేల మీదకు గీత వెళ్లిందని ఎవరో చెప్పేదాకా అలాగే ఉంటుంది. సగం బిందువులు పెట్టాక పటాన్ని దగ్గరకు లాగి ఒకటికి వెయ్యి స్కేలులో మిగతావి పెడితే ఇంకా చిక్కు, ఎందుకంటే అప్పుడు అదే పదహారు పిక్సెళ్లు నాలుగు మీటర్ల పైచిలుకే అవుతాయి. మొదటి సగం ఒకంత, రెండో సగం మరొకంత జరిగి చెక్క ఆకారమే చెడుతుంది. జీపీఎస్ తేడాను అందరూ అనుమానిస్తారు, కర్సర్‌ను ఎవరూ అనుమానించరు.

కర్సర్ రూపాలకు అరవై ఏళ్ల దగ్గరి చరిత్ర ఉంది. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచన మేరకు 1964లో తొలి మౌస్ తయారైంది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన దాన్ని బహిరంగంగా చూపించినప్పుడు తెర మీది గుర్తు నిటారుగా పైకి చూసే బాణం. జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో 1973లో పని మొదలుపెట్టిన ఆల్టో అనే కంప్యూటరులో కర్సర్‌కు పదహారు చుక్కల చదరమే చోటు. ముతక చుక్కలతో నిటారు బాణం కన్నా ఎడమకు వాలిన బాణం స్పష్టంగా గీయడం తేలిక కావడంతో, ఒక పక్క నిట్టనిలువుగా ఉండే ఆ వాలు బాణం అక్కడినుంచి ప్రపంచమంతా పాకింది. 1984లో వచ్చిన మెకింటాష్ కంప్యూటరుకు సూసన్ కేర్ వేచి ఉండమని చెప్పే చేతిగడియారం బొమ్మ గీసింది. విండోస్‌లో అదే పనికి ఇసుక గడియారం చాలా ఏళ్లు సాగి, విస్టా వెర్షన్‌తో నీలి వలయానికి చోటిచ్చింది.

ప్రోగ్రాంలో కర్సర్ మార్చే పద్ధతులు పైకి ఒకేలా కనబడినా లోపల రెండు విధాలు. లినక్స్‌లో ఏళ్ల తరబడి వాడుకలో ఉన్న ఎక్స్ విండో వ్యవస్థలో కర్సర్ అనేది విండోకు, అంటే తెర మీది ఒక్కో చట్రానికి, చెందిన లక్షణం. ఈ విండో మీద ఈ బొమ్మ అని ఒకసారి చెబితే, మౌస్ దాని మీదకు వచ్చినప్పుడల్లా వ్యవస్థే దాన్ని చూపుతుంది, ఏమీ చెప్పని లోపలి విండోకు దాన్ని ఇముడ్చుకున్న పెద్ద విండో కర్సరే వర్తిస్తుంది. విండోస్ తీరు వేరు. అక్కడ మౌస్ కదిలిన ప్రతిసారీ ‘ఇప్పుడు ఏ కర్సర్ చూపాలి’ అని వ్యవస్థ ఆ విండోను అడుగుతుంది. ప్రోగ్రాం జవాబివ్వకపోతే ఆ విండో జాతికి మొదట రాసిపెట్టిన కర్సర్‌నే, సాధారణంగా బాణాన్ని, తిరిగి పెడుతుంది. కొత్తగా నేర్చుకునేవారు కర్సర్ మార్చమని ఒక్కసారి ఆజ్ఞ ఇచ్చి, అది తళుక్కున మారి మౌస్ కదలగానే బాణంగా తిరిగిపోవడం చూసి తికమకపడేది ఇందువల్లనే. 1995లో నార్వే నుంచి వెలువడిన క్యూటీ వంటి సాధనాలు ఈ తేడాలను తమలో దాచుకుని, తెరలోని ఏ భాగానికైనా ఒకే మాటతో కర్సర్ తొడిగే వీలు కల్పించాయి. ఎక్స్ విండో వెంట వచ్చిన డెబ్బైఏడు బొమ్మల కట్టలో బాణాలూ చేతులతోపాటు సాలీడు, పడవ, పుర్రె గుర్తూ, ఒక కాఫీ కప్పూ ఉన్నాయి. అరకు వారికి ముచ్చట గొలిపే ఆ కప్పుతో మాత్రం హద్దు గీయడం కుదరదు, దాని మొన ఎక్కడో చూసేవారికి తెలియదు గనుక.

పటాల పనిలో కర్సర్ పరీక్షకు నిలబడే మరో సందర్భం నిరీక్షణ. ఒక మండలంలోని వేల చెక్కలను అటవీ శాఖ విభజించిన కంపార్ట్‌మెంట్ల హద్దులతో పోల్చి ఏది దేని మీదకు వచ్చిందో లెక్కించమంటే ప్రోగ్రాం నిమిషాల తరబడి పని చేయవచ్చు. అప్పుడు తెర మొత్తానికీ నిరీక్షణ గుర్తు తొడగడానికి క్యూటీలో ప్రత్యేకమైన ఆజ్ఞ ఉంది. అది అప్పటిదాకా ఉన్న కర్సర్లను చెరపకుండా వాటి మీద గిన్నె మీద గిన్నె బోర్లించినట్టు కొత్తదాన్ని ఉంచుతుంది. అందువల్ల ఎన్నిసార్లు ఉంచితే అన్నిసార్లు తీయాలి. లెక్క నడుమ ఏదైనా దోషం తలెత్తి, తీసే వాక్యం దాకా ప్రోగ్రాం చేరకపోతే, పని ఎప్పుడో ఆగిపోయినా వలయం తిరుగుతూనే ఉంటుంది. చూసేవారు ఇంకా లెక్క జరుగుతోందనుకుని కూర్చుంటారు. నైపుణ్యం గల ప్రోగ్రామర్లు తీసే బాధ్యతను తాము గుర్తుంచుకోవడం మీద వదలరు. పని మంచిగా ముగిసినా, దోషంతో ఆగినా తప్పక నడిచే భాగంలో దాన్ని రాస్తారు. ఇంకో విశేషం ఏమిటంటే, కర్సర్ బొమ్మను చాలా కంప్యూటర్లలో గ్రాఫిక్స్ పరికరమే తెర మీద విడిగా అతికిస్తుంది కాబట్టి, ప్రోగ్రాం కొయ్యబారిపోయినా కర్సర్ హాయిగా కదులుతూ ఉంటుంది. ఆ కదలికను చూసి ప్రోగ్రాం బతికే ఉందనుకోవడం పొరపాటు. కొన్ని నిమిషాలు పట్టే లెక్కను నేపథ్యంలో నడిపి, ఎంత భాగం పూర్తయిందో అంకెల్లో చూపుతూ, ఈలోగా వేరే చెక్కలు చూసుకోనివ్వడం మేలు. నిరీక్షణ కర్సర్ రెండు మూడు క్షణాల ఆలస్యానికే తగినది.

రంగు విషయంలోనూ ఈ ప్రాంతానికి తనదైన సమస్య ఉంది. తూర్పు కనుమల ఉపగ్రహ చిత్రంలో దట్టమైన అడవి దాదాపు నలుపు, కొత్తగా కొట్టిన పోడు ఎర్రమట్టి రంగు, వలిసెలనే నూనెగింజల పైరు పూసే నవంబరు, డిసెంబరు నెలల్లో లోయ నేల పసుపు. నల్లటి గురి అడవిలో మాయమవుతుంది, పసుపు గురి వలిసె చేలలో కలిసిపోతుంది. కర్సర్లు రెండు రంగులవే అయిన కాలంలో విండోస్ దీనికి చేసిన ఏర్పాటు ముచ్చటైనది: కర్సర్‌ను రెండు ముసుగులుగా దాచి, కొన్ని చుక్కల దగ్గర వెనకనున్న రంగును తలకిందులు చేసేది, అంటే చీకటి మీద వెలుగుగా, వెలుగు మీద చీకటిగా కనబడేది. మధ్యరకం బూడిద రంగు మీద తలకిందులైనా బూడిదే వస్తుందన్నది దాని లోపం. ముదురు గీతకు తెల్ల అంచు కట్టడం పాత ఉపాయమే అయినా ఇప్పటికీ దాన్ని మించింది లేదు.

సొంత బొమ్మల మోజులో ప్రోగ్రామర్లు మరచే సంగతి ఇంకొకటుంది. విండోస్ 10కు 2019 మే నెలలో వచ్చిన మార్పుతో, చూపు మందగించినవారు కర్సర్ పరిమాణాన్నీ రంగునూ తమకు కావలసినట్టు సెట్టింగులలో పెంచుకోవచ్చు. వ్యవస్థ ఇచ్చే బాణాన్నీ కూడిక గుర్తునూ వాడే ప్రోగ్రాం ఆ కోరికను మన్నిస్తుంది; పదహారు పిక్సెళ్ల సొంత బొమ్మ మాత్రం ఎప్పటిలాగే చిన్నదిగా ఉంటుంది, సూక్ష్మమైన పిక్సెళ్లున్న కొత్త తెరల మీద మరీ చీమంత అవుతుంది. వ్యవస్థ ఇచ్చిన రూపం పనికొచ్చినచోట సొంత రూపం అనవసరం.

కర్సర్‌ను మౌస్ పట్టినవారే కాక పక్కన కూర్చున్నవారూ చూస్తారు. గ్రామ అటవీ హక్కుల కమిటీ సభ్యులు కంప్యూటరు పక్కన చేరి తమ గెడ్డ ఏదో, తమ కొండ మలుపు ఏదో పోల్చుకునేటప్పుడు వారి కంటికి ఆధారం పేర్లూ మెనూలూ కావు. కువి, పోర్జా, ఆదివాసీ ఒడియా, తెలుగు మాట్లాడే మనుషుల నడుమ ఆ ఇంగ్లీషు మెనూ ఎవరికీ పెద్దగా ఉపయోగపడదు. తెరిచిన చేయి కనబడితే ఇప్పుడు చూడడమే జరుగుతోందని, గురి గుర్తు కనబడితే గీత పడబోతోందని అక్షరం అక్కర లేకుండా ఎవరైనా పోల్చుకోగలరు. గీత పడే ముందే ‘అక్కడ కాదు, ఆ మద్ది చెట్టుకు ఇవతల’ అని ఆపగలరు. పటంలో మార్చడానికి అనుమతి లేని పొర మీద నిషేధ గుర్తు చూపితే, నొక్కిన తర్వాత ఇంగ్లీషులో వచ్చే హెచ్చరిక పెట్టె కన్నా అది అందరికీ ముందుగా అర్థమవుతుంది.

మౌస్ లేని పరికరాల్లో ఈ గుర్తు ఏమవుతుందన్నది సహజమైన ప్రశ్న. క్షేత్రంలో పట్టుకుని నడిచే టాబ్లెట్లలో వేలే సూచిక. వేలు తాను తాకే బిందువునే కప్పేస్తుంది కాబట్టి దానితో హద్దు గీయడం కష్టం. క్యూజీఐఎస్ పటాలను ఫోనులో వాడుకోవడానికి వచ్చిన క్యూఫీల్డ్ అనే ప్రోగ్రాం దీనికి కనిపెట్టిన మార్గంలో గురి గుర్తు తెర నడుమ కదలకుండా నిలిచి ఉంటుంది. వేలితో పటాన్నే దాని కిందకు జరిపి, హద్దు మలుపు గురి కిందకు రాగానే పక్కనున్న బటన్ నొక్కాలి. జీపీఎస్‌కు ముడివేస్తే అదే గురి మనిషి నడిచే చోటల్లా తానూ నడుస్తుంది. తెరకు తగలకుండా పైన ఆడించినా గుర్తించే కలం ఉన్న టాబ్లెట్లలో గురి మళ్లీ ఆ కలం మొన వెంట కదులుతుంది.